కోరంగి నుండి దోహా దాకా: అప్పు అనే సంకెల

పండుగ సంచికలో పాటలు, పద్యాలు, పిండివంటల ముచ్చట్లు ఉండాలి గాని, మనుషుల క్రయవిక్రయాల గురించి వ్యాసమేమిటని పాఠకులు అడగవచ్చు. అడగడం న్యాయమే. అయితే ఈ సంచిక వెలువడుతున్నది ఖతర్ దేశంలో. ఇక్కడ మన తెలుగువారు ఇంజనీర్లుగా, డాక్టర్లుగా, ఉపాధ్యాయులుగా ఉన్నారు. కట్టడాల దగ్గర కూలీలుగా, డ్రైవర్లుగా, ఇళ్ళలో పనివారుగా కూడా ఉన్నారు. వారిలో కొందరు మన సభలకు వస్తారు. కొందరికి రావాలని ఉన్నా రాలేరు. ఎందుకు రాలేరో తెలియాలంటే కొంత చరిత్ర చదవక తప్పదు.

దోహా నడిబొడ్డున ముషేరిబ్ పేటలో బిన్ జెల్మూద్ ఇల్లు అనే మ్యూజియం ఉంది. ఒకప్పుడు అది బానిసల వర్తకుడి ఇల్లు. 2015లో దానిని బానిసత్వపు చరిత్ర చెప్పే ప్రదర్శనశాలగా తెరిచారు. హిందూ మహాసముద్రం చుట్టూ మనుషులను ఎలా పట్టారో, ఎలా అమ్మారో, ఏయే పనులు చేయించారో అక్కడ చూపిస్తారు. నేటి కాలపు దోపిడీ గురించి కూడా చెబుతారు. తన గతంలోని చేదును ఒక దేశం తానే గోడల మీద రాసి పెట్టుకోవడం సామాన్యమైన విషయం కాదు. ఆ ఇంటిని చూసిన తెలుగువారికి ఒక ప్రశ్న తోచక మానదు. మన సముద్రయానాల చరిత్రను మనం కూడా ఉన్నదున్నట్టు చెప్పుకోగలమా?

మాటకు అర్థం

మానవ అక్రమ రవాణా అనగానే ఎత్తుకుపోయిన పిల్లలు, చీకటి గదులు, తాళాలు కళ్ళ ముందు మెదులుతాయి. అవీ నిజమే. కాని ఐక్యరాజ్య సమితి 2000లో ఆమోదించిన పలెర్మో ఒడంబడిక దీనికి ఇంకా విశాలమైన అర్థం చెప్పింది. ఆ అర్థంలో మూడు భాగాలున్నాయి. మొదటిది చేసిన పని, అంటే మనిషిని పనికి కుదర్చడం, తరలించడం, దాచి ఉంచడం, అప్పగించుకోవడం. రెండవది అందుకు వాడిన సాధనం, అంటే బలవంతం, బెదిరింపు, మోసం, లేదా ఎదుటివాని నిస్సహాయతను అవకాశంగా తీసుకోవడం. మూడవది ఉద్దేశం, అంటే ఆ మనిషి శ్రమనో శరీరాన్నో దోచుకోవడం. ఈ మూడూ కలిస్తే నేరమవుతుంది. పిల్లల విషయంలో రెండవది లేకపోయినా నేరమే. మోసంతో రాబట్టిన ఒప్పుదల ఒప్పుదల కాదు. "వాడే సంతకం పెట్టాడు గదా" అనే మాట అక్కడ చెల్లదు. ఈ ఒడంబడికలో ఖతర్ 2009లో చేరింది. భారతదేశం 2011లో దానిని ధ్రువీకరించింది.

మన రాజ్యాంగం ఎంతో ముందుగానే, 1950 నాటికే, 23వ అధికరణంలో మనుషుల క్రయవిక్రయాన్ని, వెట్టిని, బలవంతపు చాకిరీని ఒకేచోట నిషేధించింది. అలా ఒకేచోట చేర్చడం వెనుక మన దేశపు అనుభవం ఉంది. మన వైపు మనిషిని సంతలో నిలబెట్టి అమ్మడం కంటె, అప్పు పత్రం మీద వేలిముద్ర వేయించుకుని వాడుకోవడమే ఎక్కువగా జరిగింది. మేము ఈ వ్యాసంలో చెప్పదలచినది ముఖ్యంగా ఆ అప్పు సంగతే.

కోరంగి ఓడలు

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, కాకినాడకు దగ్గరలో కోరంగి ఉంది. ఒకప్పుడు అది ఓడలు కట్టే పేరున్న రేవు. 1839 నాటి తుపాను, ఉప్పెన ఆ ఊరిని దాదాపు తుడిచిపెట్టాయి. అదే కాలంలో హిందూ మహాసముద్రపు ఆవలి ఒడ్డున మరొక మార్పు జరుగుతూ ఉండినది. బ్రిటిష్ వారు బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1833లో చట్టం చేశారు. మారిషస్ దీవిలో అది 1835లో అమలుకు వచ్చింది. చెరకు తోటల యజమానులకు కూలీలు కరువయ్యారు. 1834 నుండే ఒప్పంద కూలీలను భారతదేశం నుండి తేవడం మొదలయింది. సుమారు ఎనభై ఏళ్ళలో దాదాపు 5 లక్షల మంది ఆ దీవిలో దిగారు. వారిలో తెలుగువారు కోరంగి వైపు నుండి వచ్చారు కనుక వారికి కోరంగీలు అనే పేరు వచ్చింది. బర్మాలోనూ మనవారిని అదే పేరుతో పిలిచారు. ఊరి పేరే జనం పేరయింది.

ఇక్కడ గమనించదగ్గ విషయం ఒకటి ఉంది. ఈ వలసకు చట్టం లేక కాదు. 1837 నాటి చట్టం ప్రకారం ఓడ ఎక్కే కూలీ, అతన్ని తీసుకుపోయే ఏజెంటు ఇద్దరూ ఒక అధికారి ముందు నిలబడి ఒప్పంద పత్రం చూపాలి. గడువు 5 ఏళ్ళు. కాగితం ఉంది, అధికారి ఉన్నాడు, వేలిముద్ర ఉంది. ఆ కాగితంలో ఏముందో చదవగల చదువు మాత్రం కూలీకి లేదు. దీవిలో దిగిన తరువాత గాని అసలు సంగతి తెలిసేది కాదు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. తోట విడిచి వెళ్ళాలంటే చీటీ కావాలి. చీటీ లేకుండా దారిలో కనబడితే పోలీసులు పట్టుకునేవారు. నేటాల్‌లోనూ ఇటువంటి కథే. మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న అక్కడికి చేరింది. గడువు తీరిన కూలీ మళ్ళీ ఒప్పందానికి లొంగకుండా అక్కడే ఉండదలిస్తే ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలని 1895లో చట్టం తెచ్చారు. ఆ పన్ను 1914 దాకా పోలేదు.

అన్యాయం ఎలా బయటపడిందో కూడా చెప్పుకోవాలి. మారిషస్‌లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోటల ఆసామి కూలీల కష్టాలను అర్జీగా రాశాడు. 1871లో 9,401 మంది పాత కూలీల తరఫున ఆ అర్జీ వెళ్ళింది. 1872లో రాయల్ కమిషన్ వచ్చి విచారించి, 1875లో నివేదిక ఇచ్చింది. నోటి మాటగా ఉన్నంత కాలం ఎవరూ వినని బాధ, కాగితం మీదికి ఎక్కగానే లండను దాకా వినబడింది. తరువాత గోఖలే 1910లోను, 1912లోను, మదన మోహన మాలవ్యా 1916లోను ఈ పద్ధతిపై శాసన సభలో తీర్మానాలు తెచ్చారు. 1917లో ఓడలు ఆగాయి. ఫిజీలో మిగిలిన ఒప్పందాలు 1920 జనవరి 1న రద్దయ్యాయి.

అలా వెళ్ళినవారిని దీనులుగా మాత్రమే చూడటం సరికాదు. వారు గుడులు కట్టుకున్నారు, భాష నిలుపుకున్నారు, పిల్లలను చదివించారు. మారిషస్‌లో ఉగాది సెలవు దినమయిందంటే అది వారి పట్టుదల ఫలమే. కాని వారు గెలిచారు కాబట్టి వారికి జరిగిన మోసం మోసం కాకుండా పోదు.

మేస్త్రీ మనవాడే

ఒప్పంద పత్రం లేకుండానే మనిషిని కట్టివేయవచ్చని బర్మా వలస నిరూపించింది. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల పల్లెలకు రంగూను నుండి మేస్త్రీలు వచ్చేవారు. ఇంటి ఖర్చుకు కొంత అడ్వాన్సు, ఓడ ఛార్జీ చేతిలో పెట్టేవారు. రంగూను బియ్యపు మిల్లులలో, రేవులో పని. జీతం మేస్త్రీ చేతి మీదుగా వచ్చేది. అందులో అతని వాటా, అడ్వాన్సు కోత, తిండి ఖర్చు పోగా మిగిలినదే కూలీకి దక్కేది. ఆ మేస్త్రీ తెల్లదొర కాడు. మన భాష మాట్లాడేవాడు, మన పక్క ఊరివాడు, వరస పెట్టి పిలిచేవాడు. నమ్మకం అక్కడే పుట్టింది, మోసమూ అక్కడే పుట్టింది.

సముద్రం దాటకుండా కూడా ఇది జరిగింది. నైజాం పల్లెలలో అప్పు కింద దొర దగ్గర పనిచేసేవారిని భగేలాలు అన్నారు. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు మీద ఆనకట్టల పనులకు దేశమంతా తిరిగారు. 1976లో పార్లమెంటు వెట్టి చాకిరీ పద్ధతి రద్దు చట్టం చేసినప్పుడు, దేశంలోని రకరకాల అప్పు చాకిరీల పేర్లను చట్టంలోనే ఉదహరించింది. ఆ జాబితాలో భగేలా, జీత, పాలేరు, వెట్టి అనే మాటలు కనిపిస్తాయి. మన ఇళ్ళలో మామూలుగా వాడిన మాటలు అటువంటి జాబితాకు ఎక్కడం మనం తలవంచుకోవలసిన సంగతి. 1979లో రాష్ట్రాంతర వలస కూలీల చట్టం వచ్చింది. ప్రతి కూలీకి ఫోటో అంటించిన పాస్ బుక్కు ఇవ్వాలని, అందులోని వివరాలు కూలీకి తెలిసిన భాషలో కూడా ఉండాలని అది ఆదేశించింది. 1982లో ఢిల్లీ ఏషియాడ్ కట్టడాల కూలీల విషయమై సుప్రీంకోర్టు ఒక గొప్ప తీర్పు చెప్పింది. కనీస వేతనం కంటె తక్కువకు పని చేయించడం కూడా 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని ఆ తీర్పు సారం. ఆకలి కూడా ఒక బలవంతమేనని న్యాయస్థానం గుర్తించింది.

ముత్యాల గడ్డ

ఇప్పుడు మనం ఉంటున్న గడ్డ సంగతికి వద్దాం. చమురు దొరకక ముందు ఖతర్‌కు ముత్యాలే ఆధారం. వేసవిలో పడవలు సముద్రం మీదికి పోయేవి. పడవ నాయకుణ్ణి నాఖుదా అంటారు. ఈతగాడికి అతడు ముందుగా అడ్వాన్సు ఇచ్చేవాడు. వేట బాగా సాగకపోతే ఆ అప్పు మరుసటి ఏటికి మిగిలేది. అప్పు తీరనిదే ఈతగాడు మరొక పడవ ఎక్కరాదు. స్వేచ్ఛగా పుట్టిన అరబ్బు ఈతగాళ్ళ స్థితే ఇది. వారి పక్కన ఆఫ్రికా తూర్పు తీరం నుండి, తరువాత బెలూచిస్తాన్ నుండి తెచ్చిన బానిసలు కూడా సముద్రంలో మునిగేవారు. పక్కనున్న బహ్రెయిన్‌లో 1920లలో ఒక సంస్కరణ చేశారు. ప్రతి ఈతగాడి చేతికి అతని జమాఖర్చుల పుస్తకం ఇవ్వాలని నియమం పెట్టారు. మారిషస్ అర్జీ, పాలమూరు కూలీ పాస్ బుక్కు, బహ్రెయిన్ ఈతగాడి లెక్కల పుస్తకం మూడూ ఒకే మందు. లెక్క ఎవరి చేతిలో ఉంటే బలం వారిదే.

జపాను కల్చర్డు ముత్యాలు, 1929 తరువాతి ప్రపంచ మాంద్యం కలిసి ఆ వ్యాపారాన్ని కూలదోశాయి. 1939లో దుఖాన్‌లో చమురు పడింది. యుద్ధం వల్ల పని ఆగి, 1949లో ఎగుమతి మొదలయింది. 1952లో షేక్ అలీ బిన్ అబ్దుల్లా ఆల్ థానీ పాలనలో ఖతర్‌లో బానిసత్వం రద్దయింది. ఆ రోజులలో ఇక్కడ చెలామణి అయినది మన రూపాయే. 1966 దాకా ఆ వాడుక సాగింది. మనకూ ఈ తీరానికీ ఉన్న సంబంధం నిన్నటిది కాదని చెప్పడానికి ఇంతకంటె ఏం కావాలి?

చమురుతో కట్టడాలు పెరిగాయి, కట్టడాలతో పరదేశపు కార్మికులు పెరిగారు. వారి కోసం కఫాలా పద్ధతి స్థిరపడింది. కఫీల్ అంటే పూచీదారు. మాటలో చెడు లేదు. పరదేశి కోసం స్థానికుడు పూచీ పడటం అందులోని భావం. కాని 2009 నాటి 4వ నంబరు చట్టం కింద కఫీల్ అనుమతి లేకుండా పని మారడానికి వీలు లేదు, దేశం విడవడానికి వీలు లేదు. పూచీదారు మంచివాడైతే నీడ, కాకపోతే గోడ.

చట్టాలు మారిన తీరు

2010 డిసెంబరులో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు పోటీలు ఖతర్‌కు దక్కాయి. ప్రపంచం చూపు ఇటు తిరిగింది. విమర్శలు వచ్చాయి. మార్పులూ వచ్చాయి. 2011లో మానవ అక్రమ రవాణా నిరోధానికి 15వ నంబరు చట్టం వచ్చింది. 2015లో జీతాలు బ్యాంకు ద్వారానే ఇవ్వాలనే ఏర్పాటు జరిగింది. అదే ఏడాది వచ్చిన 21వ నంబరు చట్టం కార్మికుని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకునే యజమానికి 25,000 రియాళ్ళ దాకా జరిమానా విధించింది. 2017లో ఇంటి పనివారికి ప్రత్యేక చట్టం వచ్చి రోజుకు 10 గంటలకు మించని పని, వారానికి ఒక సెలవు వారి హక్కులని చెప్పింది. 2018లో అంతర్జాతీయ కార్మిక సంస్థ దోహాలో కార్యాలయం తెరిచింది. అదే ఏడాది చాలామందికి, 2020 జనవరిలో ఇంటి పనివారితో సహా దాదాపు మిగిలిన అందరికీ, దేశం విడవడానికి యజమాని అనుమతి అక్కరలేకుండా పోయింది. 2020లోనే పాత యజమాని నుండి అభ్యంతరం లేదన్న పత్రం తేకుండా పని మారవచ్చునన్నారు. 2021 మార్చి 20 నుండి కనీస వేతనం నెలకు 1,000 రియాళ్ళు, వసతి ఇవ్వకపోతే 500, భోజనం పెట్టకపోతే 300 అదనం అని నిర్ణయించారు.

ఇవి చిన్న మార్పులు కావు. అయినా ఖల్లివల్లి అయినవారు, అంటే యజమాని దగ్గర నుండి పారిపోయి కాగితాలు లేకుండా తిరిగేవారు, మనకు కనబడుతూనే ఉన్నారు. చట్టం మారితే కష్టం ఎందుకు పోలేదు? మొదటి కడియం ఇక్కడ వేసినది కాదు గనుక. అది ఊళ్ళోనే పడింది.

ఒక చిన్న లెక్క

మేము పాఠాలు చెప్పే వృత్తిలోని వాళ్ళం కనుక ఒక లెక్క వేసి చూపుతాం. జగిత్యాల వైపు నుండి గాని, రాయచోటి వైపు నుండి గాని ఒక యువకుడు ఏజెంటుకు లక్షన్నర రూపాయలు కట్టి వచ్చాడనుకుందాం. ఆ డబ్బు నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకు వడ్డీ 4,500 రూపాయలు. రెండేళ్ళకు 1,08,000. అసలుతో కలిపితే 2,58,000. జీతం నెలకు 1,000 రియాళ్ళు, రియాలుకు 23 రూపాయలనుకుంటే నెలకు 23,000. అంటే రెండేళ్ళలో 11 నెలలకు పైగా అతడు ఏజెంటు కోసం, వడ్డీ వ్యాపారి కోసం పనిచేస్తాడు. జీతం రెండు నెలలు ఆగితే ఇంటి దగ్గర పొలం పత్రాలు ఊగుతాయి. యజమాని తిట్టినా, కొట్టినా, ఒప్పందంలో లేని పని చెప్పినా అతడు నోరు మెదపడు. గదికి తాళం వేయనక్కరలేదు. తాళం ఊళ్ళో ఉంది.

ఇదే మనిషి భారత ప్రభుత్వ నియమాలు ఏజెంటుకు అనుమతించిన 30,000 రూపాయల రుసుము మాత్రమే అదే వడ్డీకి తెచ్చి ఉంటే, రెండేళ్ళకు మొత్తం 51,600 అవుతుంది. రెండు నెలల జీతం మీద కొంచెం. నిజానికి ఖతర్ కార్మిక చట్టం, 2004 నాటిది, పనికి కుదిర్చినందుకు కార్మికుని దగ్గర ఏ సొమ్మూ తీసుకోరాదని చెబుతుంది. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడాయే అక్రమ రవాణాకు తలుపు.

ఆ తలుపు దగ్గర నిలబడినవాడు పాత మేస్త్రీకి మనుమడు, నేటి సబ్ ఏజెంటు. అతనికి రిజిస్ట్రేషన్ ఉండదు, రసీదు ఇవ్వడు. ఆజాద్ వీసా అంటాడు. అటువంటి వీసా ఏ చట్టంలోనూ లేదు. ఇంటి పనికి వెళ్ళే ఆడవారికి విజిట్ వీసా చేతిలో పెడతాడు. పదో తరగతి చదవని ఆడవారు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలని, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలని మన ప్రభుత్వం పెట్టిన నియమాన్ని తప్పించుకునే దారి అది. ఆ దారిన వచ్చిన ఆమె ఏ రికార్డులోనూ ఉండదు. లేని మనిషిని ఎవరు వెతుకుతారు?

మన వంతు

ఏం చేయాలి? పెద్ద పనులు ప్రభుత్వాలవి. మనకు చేతనైనవి నాలుగు మనవి చేస్తాం.

ఒకటి, ఊళ్ళో ఎవరైనా ఇక్కడికి వస్తున్నామని ఫోను చేస్తే, అభినందించే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. ఏజెంటుకు భారత ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందా? ఎంత కట్టారు, రసీదు ఉందా? కంపెనీ పేరేమిటి? ఒప్పందం ఎవరు చదివి వినిపించారు? 2019లో హైదరాబాదులోను ఖతర్ వీసా కేంద్రం తెరిచారు. వైద్య పరీక్ష, వేలిముద్రలు, ఒప్పందం మీద సంతకం అన్నీ విమానం ఎక్కక ముందే జరగాలని ఆ ఏర్పాటు. 1837 నాటి అధికారి ముందు నిలబడిన కూలీకి లేని అవకాశం ఇది. చదివి, అర్థం చేసుకుని సంతకం పెడితేనే దానికి విలువ.

రెండు, కష్టంలో ఉన్నవారికి దారి చూపాలి. భారత రాయబార కార్యాలయం, దాని ఆధ్వర్యంలో 1984 నుండి పనిచేస్తున్న భారతీయ సంక్షేమ సంఘం ఐ.సి.బి.ఎఫ్., ఖతర్ కార్మిక శాఖ, 2017 చట్టం కింద ఏర్పడిన కార్మిక వివాదాల కమిటీలు ఉన్నాయి. వెళ్ళడానికి భయపడేవారికి తోడుగా ఒక మనిషి వెళ్తే చాలు, సగం భయం పోతుంది.

మూడవది చెప్పడానికి కొంచెం కష్టం. మనలో చాలామంది యజమానులం కూడా. మన ఇంట్లో వంట చేసే అమ్మ, పిల్లలను చూసుకునే అమ్మాయి పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంది? ఆమెకు వారంలో ఒక రోజు సెలవు ఉందా? ఆమె దగ్గర తన ఫోను ఉందా? భద్రంగా ఉంటుందని మనమే దాచామని చెబుతాం. తోట యజమానులూ చీటీల గురించి అలాగే చెప్పారు. ఈ సంచిక ఇంటికి తీసుకువెళ్ళిన రోజే ఆ పాస్‌పోర్టు ఆమె చేతికి ఇవ్వవచ్చు. దానికి సంఘం తీర్మానం అక్కరలేదు.

నాలుగవది చదువు. సాయంత్రం వేళ తెలుగు తరగతులంటే పిల్లలకు పద్యాలు నేర్పడమని అనుకుంటాం. అది మంచిదే. ఆ తరగతిలోనే మరొక బల్ల వేసి, పని నుండి వచ్చిన పెద్దలకు తమ జీతం చీటీ, తమ ఒప్పందం, తమ బ్యాంకు లెక్క చదువుకోవడం నేర్పగలిగితే అంతకంటె గొప్ప భాషాసేవ మాకు కనబడదు. కూటికి పోయినవాడు కూలికి మోసపోకుండా ఉండటానికి అక్షరం కావాలి.

కోరంగి రేవు నుండి వెళ్ళినవారిని ఎవరూ ఈ ప్రశ్నలు అడగలేదు. అడిగేవారు ఆ ఒడ్డున లేరు. మనం ఈ ఒడ్డున ఉన్నాం. రేపు దోహా విమానాశ్రయంలో దిగబోయే తమ్ముడికి, చెల్లెలికి ఈ వారమే ఒక ఫోను చేసి, ఎంత కట్టారో, ఏ కాగితం మీద సంతకం పెట్టారో కనుక్కుందాం.